ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీ త్రోవ

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు అనుకొనుచుండిన కాలమొకటి కలదు. యాత్రకు బయలుదేరువాడు ఇల్లు వాకిలి ఒకరికి ఒప్పగించి, బంధువులయొద్ద కడపటి సెలవు తీసికొని, ఊరి పొలిమేర దాటెడివాడు. అట్లు పోయినవారిలో కొందరు తిరిగివచ్చి గంగాసంతర్పణము చేసికొనిరి. ఎందరో త్రోవలోనే రాలిపోయిరి. తిరిగివచ్చినవారైనను తాము సేవించిన క్షేత్రముల మహిమను చెప్పిరేగాని, ఆ క్షేత్రములకు చేర్చిన త్రోవను గూర్చి చెప్పినవారు అరుదు. ఏ ఊర మంచినీరు దొరకునో, ఏ మజిలీలో బియ్యము ఉప్పు కొనవచ్చునో, ఏ యేటిని దాటుట కష్టమో వారు ఎరుగుదురు. ఆ ఎరుక వారితోడనే మరుగుపడిపోయెను. ఆ త్రోవను మజిలీ వెంబడి మజిలీగా తెలుగున వ్రాసి, వెనుక రాబోవువారి చేతిలో పెట్టిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున చెన్నపట్టణమున నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి సామయమంత్రి. బాల్యముననే పితృవియోగము కలిగెను. ఆ కాలమున మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పు పాఠశాలలు నేటివలె ఊరూర లేవు. కుంపిణీవారి కొలువులో బ్రతుకదలచినవాడు దొరికిన పుస్తకమును, దొరికిన మనిషిని ఆశ్రయించి ఆ భాషను పట్టుకొనవలసినదే. వీరాస్వామయ్యగారు అట్లే నేర్చిరి. నేర్చుటలో చూపిన చురుకుదనము ఆయనకు చిన్నవయస్సుననే కొలువు సంపాదించి పెట్టెను. తిరునెల్వేలి కలెక్టరు కచేరీలో ద్విభాషి పనికి చేరునప్పటికి ఆయన ఇంకను బాలుడే. పిమ్మట చెన్నపట్టణమునకు తిరిగివచ్చి, పలుచోట్ల పనిచేసి, తుదకు అచ్చటి సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషి పదవి నందుకొనిరి. ఆ న్యాయస్థానము 1801లో ఏర్పడినది. దక్షిణదేశమున దానిని మించిన న్యాయస్థానము నాడు లేదు.

ద్విభాషి పని పైకి చూచుటకు చిన్నది. వాది ఒక భాషలో మొరపెట్టుకొనును, న్యాయాధిపతి వేరొక భాషలో తీర్పు చెప్పును. ఆ రెంటి నడుమ నిలుచువాడు ద్విభాషి. ఒక్క మాట తప్పు పలికినచో ఒకని ఆస్తి పోవచ్చును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. అందుచేత విన్నదానికి ఏమియు చేర్చక, ఏమియు తగ్గింపక, ఉన్నది ఉన్నట్లు అప్పగించుట ఆ వృత్తికి ప్రాణము. ఆ అలవాటు వీరాస్వామయ్యగారికి నెత్తుట కలిసిపోయెను. కోర్టులో ఏండ్లతరబడి సాధించిన ఈ గుణమే తరువాత యాత్రలో ఆయన కలమును నడపినది. ఆయన వ్రాతలో అతిశయోక్తులు తక్కువ, లెక్కలు ఎక్కువ.

1830వ సంవత్సరమున, ఏబదియేండ్ల ప్రాయమున, ఆయన కోర్టువారివలన దీర్ఘకాలము సెలవు పొంది కాశీయాత్రకు సంకల్పించిరి. ఆ సంకల్పము ఎంత సాహసముతో కూడినదో నేటి విద్యార్థి గ్రహింపవలెనన్న, నాటి దేశస్థితిని కొంత తలపోయవలెను. మనదేశమున తొలి ప్రయాణికుల రైలుబండి 1853లో బొంబాయి, ఠాణాల నడుమ నడచినది. చెన్నపట్టణమున రైలుకూత వినబడుటకు 1856 వరకు ఆగవలసివచ్చెను. 1830లో మనిషికి కాలినడకయో, గుఱ్ఱమో, బండియో, పల్లకీయో తప్ప వేరు వాహనము లేదు. దేశమంతయు ఒక్క ప్రభుత్వము క్రిందను లేదు. చెన్నపట్టణము విడిచి ఉత్తరమునకు పోవువాడు కుంపిణీ సీమను దాటి కందనూరు నవాబు సీమలోనికి, అటనుండి నైజాము రాజ్యములోనికి, పిదప నాగపూరు భోంసలేల రాజ్యములోనికి ప్రవేశింపవలెను. సీమ మారినప్పుడెల్ల నాణెము మారును, తూకము మారును, సుంకపుచౌకీ ఎదురగును. పిండారీల దోపిళ్ళు అణగి అప్పటికి పండ్రెండేండ్లు మాత్రమే అయినది. నర్మదా ప్రాంతపు బాటలలో థగ్గులు యాత్రికుల వేషమున బాటసారులతో కలిసి నడచి, నమ్మించి, గొంతులకు ఉరిబిగించి చంపుచుండిరి. వారిని అణచుటకు స్లీమన్ దొర పూనుకొనుచుండినది సరిగా ఆ యేండ్లలోనే.

ఇట్టి దేశములో యాత్ర చేయువానికి భక్తి ఒక్కటి చాలదు, ముందుచూపు కావలెను. వీరాస్వామయ్యగారి ముందుచూపు ఆయన ఎన్నుకొన్న త్రోవలోనే కనబడుచున్నది. పోయిన దారిని తిరిగి రాకుండునట్లు ఆయన యాత్రను అమర్చుకొనిరి. పోవునప్పుడు తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరుల మీదుగా మెట్టదారిని ప్రయాగకును కాశికిని చేరుట, వచ్చునప్పుడు గయను సేవించి, గంగ వెంబడి దిగి కలకత్తా చూచి, జగన్నాథము మొదలు సముద్రతీరముననే చెన్నపట్టణము చేరుట. ఈ విధముగా దేశపు నడిబొడ్డును తూర్పుతీరమును రెండును ఒక్క యాత్రలో చుట్టివచ్చుటకు వీలు కలిగెను.

ఆయనతో బయలుదేరిన పరివారము ఇంచుమించు నూరుమంది. అందులో ఆయన ఆశ్రితులు, బోయీలు, నౌకరులు మొదలగువారెల్ల కలరు. నూరుమందికి పూటపూటకు అన్నము, రాత్రికి నీడ, జబ్బు చేసినవానికి మందు, భయపడినవానికి ధైర్యము సమకూర్చు భారము ఒక్కనిమీద పడెను. అందుచేతనే ఆయన ఏ ఊరు చేరినను మొదట చూచినది గుడిగోపురము కాదు. చెరువో బావియో కలదా, అంగళ్ళు ఎన్ని, డేరాలు వేయుటకు చదునైన నేల గాని, దిగుటకు సత్రము గాని కలదా అని చూచెడివారు. ఈ విషయములన్నియు దినదినము వ్రాసికొనిరి. బాటలో ఇసుక ఎంత, రాయి ఎంత, అడవి ఎంతదూరము, వాగులు ఎన్ని అనునవియు గుర్తించిరి. ఈ గుర్తులు తనకొరకు కావు. తాను దాటిపోయిన వాగుతో తనకు మరల పనిలేదు. అవి తరువాతి యాత్రికునికొరకు.

1830 మే 18వ తేదీన యాత్ర ఆరంభమాయెను. తిరుపతి వేంకటేశ్వరుని సేవించి, కడపసీమ మీదుగా అహోబిలము చేరి, నల్లమల అడవులలోనికి ప్రవేశించిరి. శ్రీశైలపు త్రోవ నాడు మిక్కిలి కఠినమైనది. కొండలు, అడవి, నీటికి కొరత. దానికితోడు యాత్రికులయొద్ద కందనూరు నవాబు పక్షమున పన్ను వసూలు చేయుచుండిరి. పన్ను పుచ్చుకొనుచున్న ప్రభువు బాటను బాగుచేయుటలేదని, కొండమీద గుడి దిక్కులేక ఉన్నదని గ్రహించి వీరాస్వామయ్యగారి మనస్సు నొచ్చుకొనెను. భక్తుడు కావున స్వామికి మ్రొక్కిరి. కోర్టు మనిషి కావున పన్ను వివరమును వ్రాసిపెట్టిరి. ఈ రెండును ఒక్క హృదయములో పొరపొచ్చెము లేక ఇమిడియుండుట ఆయన విశేషము.

కృష్ణ దాటి నైజాము రాజ్యమున ప్రవేశించి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరిరి. అప్పటి నిజాము నాసిరుద్దౌలా. రాజ్యభారము వహించినవాడు చందూలాలు. చార్మినారును, హుస్సేను సాగరపు కట్టను, ఇంగ్లీషువారి రెసిడెన్సీని, సికిందరాబాదు దండును ఆయన చూచిరి. నగరపు వైభవమును మెచ్చుకొనిరి. కాని వీధులలో ఆయుధములు ధరించి తిరుగుచుండిన జనమును చూచి, సామాన్యునికి ఇచ్చట న్యాయము ఎట్లు దొరకునోయని శంకించిరి. చెన్నపట్టణపు న్యాయస్థానమున పండినవానికి ఆ శంక కలుగుట సహజమే.

హైదరాబాదునుండి ఉత్తరముగా రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూరు ప్రాంతముల మీదుగా గోదావరికి పోవు బాటను వారు పట్టిరి. అది వానకాలము. రేగడినేల అడుగు తీసిన అడుగు పట్టును. పల్లకీ మోయు బోయీలకు జారుడు, సామానులబండ్లకు దిగబాటు. నిర్మలకు దక్షిణముగా, సోను గ్రామప్రాంతమున వారు గోదావరి దాటిరి. నాడు ఆ నదిపై వంతెన లేదు. నూరుమందిని, వారి సామానును వరదనదిపై కొద్దికొద్దిగా ఆవలి గట్టు చేర్చుట ఎంత ఓర్పుతో కూడిన పనియో ఊహింపవచ్చును. నది దాటిన పిమ్మట నిర్మల, దానికావల కొండకనుమలు, దట్టమైన అడవులు, అటుపై ఎదులాబాదు. అదియే నేటి ఆదిలాబాదు. హైదరాబాదునుండి నాగపూరునకు నేడు పోవు జాతీయ రహదారి ఇంచుమించుగా ఆ బాటవెంబడినే సాగుచున్నది. వీరాస్వామయ్యగారికి వారములు పట్టిన ఆ దూరమును నేటి మోటారు ఒక్క పగటిలో దాటిపోవును.

వారు నాగపూరు ప్రాంతములను దాటి ఉత్తరదిశగా సాగుచున్న ఆ సంవత్సరముననే, 1830 సెప్టెంబరు 15వ తేదీన, ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ ఆవిరియంత్రముతో నడచు ప్రయాణికుల రైలుమార్గము ఆరంభమాయెను. బోయీల భుజములమీది ప్రపంచము అంతరించుటకును, బొగ్గుతో నడచు ప్రపంచము ఉదయించుటకును అది సంధికాలము. ఆ సంధిలో నిలిచి, పాత ప్రపంచపు బాటలను కన్నులార చూచి వ్రాసిపెట్టిన తెలుగువాడు ఆయన.

జబ్బలుపూరు, రీవా, మిరిజాపూరుల మీదుగా ప్రయాగ చేరి త్రివేణీస్నానము చేసిరి. ప్రయాగలోను, గయలోను, జగన్నాథములోను యాత్రికులయొద్ద కుంపిణీవారే పన్ను పుచ్చుకొనుచుండిన రోజులవి. ఆ పన్నులు 1840లో గాని రద్దు కాలేదు. కాశిలో గంగ ఒడ్డున మెట్టువరుసలను, విశ్వనాథుని, అన్నపూర్ణను, వీధులలోని ఇరుకును, పండాల ఆశను, విద్వాంసుల పాండిత్యమును సమముగా గమనించిరి. పంచగౌడులకును పంచద్రావిడులకును ఆచారములలోగల భేదములను విచారించిరి. ఒక్కొక్క దేశమున ఒక్కొక్క ఆచారము సదాచారముగా చెల్లుచుండగా, ధర్మమునకు మూలమెచ్చట అను ప్రశ్న ఆయనను వెంటాడెను. ఆ ప్రశ్నకు ఆయన తన దినచర్యలో అనేక పుటలు వెచ్చించిరి. ఆచారములు దేశమునుబట్టి మారునని, పరమాత్మ ఒక్కడేయని ఆయన మనస్సు సమాధానపడెను. ఇల్లు కదలనివానికి ఇట్టి సందేహమే కలుగదు.

గయాశ్రాద్ధము ముగించి, గంగానది వెంబడి పడవలలో దిగి కలకత్తా చేరిరి. అప్పటికి అది కుంపిణీ రాజ్యమునకు రాజధాని. దాని తరువాత జగన్నాథము, గంజాము సీమ, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు. రాజమహేంద్రవర ప్రాంతమున వారు గోదావరిని మరల దాటిరి. కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట ఆరంభించుటకు ఇంకను పదునాఱేండ్లు ఉన్నవి. అందుచేత నది నాడు అడ్డులేక సముద్రమునకు పారుచుండెను. 1831 సెప్టెంబరు 3వ తేదీన వారు చెన్నపట్టణము చేరిరి. యాత్రకు పట్టిన కాలము పదునైదు నెలల పదునైదు దినములు.

ఇంచుమించు ఆ యుగముననే ఐరోపా ఖండపు విద్యావంతులకు ఇటలీ యాత్ర ఒక వేడుకగా ఉండెను. ఇంగ్లండు, జర్మనీ దేశముల సంపన్నులు ఆల్ప్స్ కొండలు దాటి, ద్రాక్షతోటల నడుమ గుఱ్ఱపుబండ్లలో సాగి, ఫ్లారెన్సు, రోము మొదలగు పురాతన నగరములను చూచి వచ్చెడివారు. మహాకవి గెటే 1786లో ఎవరికిని చెప్పక బయలుదేరి ఇటలీలో సంచరించి, ఆ యాత్రను గ్రంథముగా వ్రాసెను. అట్టి యాత్రికులకొరకు లండనునగరపు ప్రచురణకర్త ముర్రే తన ప్రసిద్ధమైన మార్గదర్శక గ్రంథములలో మొదటిదానిని 1836లో వెలువరించెను. తెలుగున వీరాస్వామయ్యగారి గ్రంథము అచ్చుపడినది 1838లో. రెండేండ్లు మాత్రమే అంతరము. ఆ దేశములో వ్యాపారసంస్థ పూనుకొని చేసిన పనిని ఇచ్చట ఒక్క గృహస్థు తన సొంత సొమ్ము వెచ్చించి, తన కాళ్ళ ఎదుట కనబడిన దానిని వ్రాసి చేసెను. తెలుగువారు గర్వింపదగిన విషయమిది.

యాత్రావిశేషములను వీరాస్వామయ్యగారు తన ప్రాణమిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారి కోరికపై ఎప్పటికప్పుడు వ్రాసి పంపుచుండిరి. మిత్రుడు చదువుకొనుటకు వ్రాసినది కావున ఆ భాషలో పాండిత్యప్రదర్శనము లేదు. నాడు చెన్నపట్టణమున కచేరీలలోను ఇండ్లలోను మాటలాడుకొనుచుండిన తెలుగు అది. హిందూస్తానీ మాటలు, ఇంగ్లీషు మాటలు, అరవపు పోకడలు అందు యథేచ్ఛగా కలవు. కావ్యభాషయే భాషయని తలచిన పండితులకు అట్టి వచనము రుచించుట కష్టము. కాని ఆ కాలపు ధరలు, నాణెములు, పంటలు, కులవృత్తులు, పాలనాపద్ధతులు తెలిసికొనగోరు చరిత్రకారులకు ఆ సాదా తెలుగే పెన్నిధి ఆయెను. తెలుగున వెలసిన తొలి యాత్రాచరిత్రగా కాశీయాత్రచరిత్ర నేడు గణుతికెక్కినది.

వీరాస్వామయ్యగారి దృష్టికి హద్దులు లేకపోలేదు. ఆయన కుంపిణీ ఉప్పు తిన్నవారు. కుంపిణీ సీమలో చక్కని బాటను చూచినప్పుడు దొరతనమును మెచ్చుకొనుటకు వెనుదీయలేదు. స్వదేశరాజ్యములలో దోషము కనబడినచో వేగముగా పట్టుకొనిరి. ఆ దొరతనమే యాత్రికుని జేబులో చేయిపెట్టుచున్నదని గ్రహించియు, దాని మూలమును గట్టిగా ప్రశ్నింపలేదు. తన వర్ణమునకు సహజమైన తలంపులను పూర్తిగా విడువలేదు. ఏడెనిమిది మైళ్ళు పల్లకీ మోసిన బోయీకి ఆ బాట ఎట్లు కనబడెనో మనకు తెలియదు. అతడు వ్రాయలేదు. అయినను, తాను చూచినదానిని దాచక వ్రాసినందుననే ఆయన చూడని భాగమును కూడ మనము నేడు ఊహింపగలుగుచున్నాము.

యాత్రానంతరము ఆయన మరల కొలువులో ప్రవేశించిరి. చెన్నపట్టణపు హిందువులలో విద్యావ్యాప్తికై జరిగిన ప్రయత్నములలో శ్రీనివాసపిళ్ళె మొదలగు మిత్రులతో కలిసి పాల్గొనిరి. అడ్వకేటు జనరలుగా నుండిన జార్జి నార్టను దొర ఆయన యోగ్యతను గౌరవించినవారిలో ఒకడు. 1835లో కొలువునుండి విరమించి, మరుసటి యేడు, 1836లో, ఆయన పరలోకగతులైరి. తన వ్రాత అచ్చులో పుస్తకమై పదిమంది చేతులలో పడుట ఆయన కన్నులార చూడలేదు. ఆ లోటును మిత్రుడు పూరించెను. శ్రీనివాసపిళ్ళెగారు ఆ వ్రాతలన్నిటిని కూర్చి 1838లో ప్రకటించిరి. 1869లో రెండవ కూర్పు వెలువడినది. తరువాత చాలకాలము ఆ గ్రంథమును తలచినవారు అరుదు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని చక్కగా పరిష్కరించి ప్రకటింపగా, వీరాస్వామయ్యగారు తెలుగువారికి రెండవమారు లభించిరి.

ఆయన గోదావరిని రెండుమార్లు దాటిరి. పోవునప్పుడు ఎగువను, నిర్మల చెంత. వచ్చునప్పుడు దిగువను, రాజమహేంద్రవరము చెంత. ఆ రెండు రేవుల నడుమ నది ధర్మపురిని, రామగుండమును, మంథెనను, కాళేశ్వరమును ఒరసికొని ప్రవహించును. ఆ నడిమి సీమ ఆయన త్రోవలో పడలేదు. దాని కడుపున బొగ్గు కలదని నాడు ఎవరును వ్రాసిపెట్టలేదు. గోదావరీ పరీవాహమున ఇల్లెందు చెంత 1871లో కింగు దొర బొగ్గు జాడ కనుగొనిన పిమ్మట, 1889లో త్రవ్వకము మొదలై, సింగరేణి గనులు వెలసినవి. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తి కాగా, చెన్నపట్టణమునుండి ఉత్తరదేశమునకు పోవు రైళ్ళు రామగుండము చెంతనే గోదావరి దాటసాగెను. 1960 ప్రాంతమున అచ్చట గనులు తెరచిన మీదట గోదావరిఖని పట్టణము పెరిగినది.

నేడు చెన్నపట్టణమునుండి కాశికి పోవు యాత్రికుడు రామగుండము దాటి వంతెనమీద గోదావరిని చూచి, కిటికీలోనుండి ఒక రాగిడబ్బు నీటిలోనికి విసరి, మ్రొక్కుకొని, మరల కునుకు తీయును. ఆ వంతెనకు నాలుగైదు దినముల నడకదూరమున ఎగువను, ఒక వానకాలమున, నూరుమంది ప్రాణములకు పూచీపడిన ఒక పెద్దమనిషి గట్టున నిలిచి, కడపటివాడు ఆవలి దరి చేరువరకు చూచి, ఆ రాత్రి దీపము దగ్గర కూర్చుండి ఆ రేవు వివరమును వ్రాసికొని యుండును. ఎప్పుడో ఎవరో ఆ రేవునకు వచ్చునప్పుడు వారికి పనికివచ్చునని.